‘సరే సార్’ అనే ముందు

2000 సంవత్సరం అక్టోబరులో, అమెరికాలోని మిసిసిపీ రాష్ట్రంలో బెట్టీ విన్సన్ అనే అకౌంటెంట్ రాజీనామా లేఖ రాసుకుంది. వరల్డ్‌కామ్ అనే పెద్ద టెలికాం కంపెనీలో ఆమెది మధ్యస్థాయి ఉద్యోగం. ఆ మూడు నెలల ఖర్చును 82.8 కోట్ల డాలర్ల మేర తగ్గించి చూపేలా పుస్తకాల్లో ఎంట్రీలు వేయమని పైఅధికారి అడిగాడు. అది తప్పని ఆమెకు తెలుసు. తెలిసే అభ్యంతరం చెప్పింది. చివరికి వేసింది. వేశాక మనసొప్పక లేఖ రాసుకుంది. ఆ లేఖ ఎవరికీ ఇవ్వలేదు.

కంపెనీ ఆర్థిక వ్యవహారాల అధిపతి స్కాట్ సల్లివన్ ఆమెనూ, ఆమెతో పాటు ఆ పని చేసిన సహోద్యోగినీ పిలిపించుకున్నాడు. కేకలు వేయలేదు, బెదిరించలేదు. గాల్లో ఉన్న విమానాలు ముందు దిగనివ్వండి, ఆ తర్వాత వెళ్లాలనుకుంటే వెళ్లిపోండి అన్నట్టు నచ్చజెప్పాడు. చట్టవిరుద్ధమైన పనేమీ జరగలేదని, ఏం వచ్చినా బాధ్యత తనదేనని భరోసా ఇచ్చాడు. ఆమె ఇంట్లో ప్రధానమైన సంపాదన ఆమెదే. ఉండిపోయింది. మరుసటి మూడు నెలల లెక్కలకూ అదే అవసరం పడింది. అలా ఆరు త్రైమాసికాలు నడిచింది. మధ్యలో ప్రమోషన్ కూడా వచ్చింది. 2002 జూన్‌లో సింథియా కూపర్ నడిపిన అంతర్గత ఆడిట్ బృందం గుట్టు బయటపెట్టే నాటికి ఆమె చేయి పడిన దొంగ ఎంట్రీల మొత్తం దాదాపు 370 కోట్ల డాలర్లు. 2005లో కోర్టు ఆమెకు 5 నెలల జైలు, ఆపై 5 నెలల గృహనిర్బంధం విధించింది. బాధ్యత తనదేనన్న సల్లివన్‌కు 5 ఏళ్లు పడ్డాయి. ఆయన శిక్ష ఆయనది, ఆమె శిక్ష ఆమెది.

లేఖ రాసినప్పుడూ, ఇవ్వకుండా ఆగినప్పుడూ విన్సన్ ఒకే మనిషి. ధైర్యం, నిజాయితీ రాత్రికి రాత్రి మారవు. మారింది ఆమె చుట్టూ ఉన్న పరిస్థితి. లేఖ రాసినప్పుడు తన మనసుతో తాను ఉంది. ఆగినప్పుడు అధికారి గదిలో, ఆయన ఎదురుగా, తనలాగే తలూపుతున్న సహోద్యోగి పక్కన ఉంది. ఉద్యోగం చేసుకునే మనందరం దీన్ని గట్టిగా పట్టించుకోవాలని నా కోరిక. ‘నేనైతే అలా చెయ్యను’ అనే నమ్మకం మనల్ని కాపాడదు. ఏ పరిస్థితిలో మన నోట ‘సరే సార్’ వచ్చేస్తుందో తెలుసుకుని, ఆ పరిస్థితిని కొంచెమైనా మార్చుకోగలగడమే కాపాడుతుంది.

దీన్ని అందరికంటే శ్రద్ధగా కొలిచినవాడు మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ మిల్‌గ్రామ్. 1961లో యేల్ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టాడు. ప్రకటన చూసి వచ్చిన మామూలు మనుషులకు నాలుగున్నర డాలర్లు ఇచ్చి, జ్ఞాపకశక్తి మీద ప్రయోగమని చెప్పి కూర్చోబెట్టాడు. పక్క గదిలోని ‘విద్యార్థి’ తప్పు చెప్పినప్పుడల్లా కరెంటు షాక్ ఇవ్వాలి. 15 వోల్టులతో మొదలై ఒక్కో మీటకు 15 చొప్పున పెరుగుతూ 450 దాకా 30 మీటలు. షాక్ ఉత్తుత్తిదే, విద్యార్థి నటుడు. ఆ సంగతి మీట నొక్కేవారికి తెలియదు. 1963లో ప్రచురించిన మొదటి ఫలితాల్లో 40 మందిలో 26 మంది ఆఖరి మీట దాకా నొక్కారు. వెయ్యిలో ఒక్కరు కూడా అంత దూరం వెళ్లరేమోనని అంతకుముందు మానసిక వైద్యులు అంచనా వేశారు.

ఈ 65 శాతం అంకెను చాలామంది విని ఉంటారు. మనిషి ఇంతేనని నిట్టూర్చి వదిలేస్తారు. అక్కడ ఆగిపోతే అసలు పనికొచ్చే భాగం చేజారిపోతుంది. మిల్‌గ్రామ్ ఆ ప్రయోగాన్ని రెండు డజన్ల దాకా రకాలుగా మార్చి మార్చి చేశాడు. మనుషులు అలాంటివాళ్లే. ఒక్కో పరిస్థితి మార్చేసరికి ఫలితం తలకిందులయింది. దెబ్బ తినే మనిషిని అదే గదిలో కూర్చోబెడితే చివరిదాకా వెళ్లినవారు 40 శాతానికి తగ్గారు. అతని చేతిని తామే పట్టుకుని షాక్ పలక మీద పెట్టాల్సి వస్తే 30. ఆదేశించే శాస్త్రవేత్త గదిలోంచి వెళ్లిపోయి ఫోన్‌లో చెబితే 20 చిల్లర. యేల్ భవనం వదిలి, బ్రిడ్జ్‌పోర్ట్ ఊళ్లో ఒక సాదాసీదా ఆఫీసులో చేస్తే 48కి దగ్గర. తెల్లకోటు లేని మామూలు మనిషి అదే మాట చెబితే 20. ఇద్దరు శాస్త్రవేత్తలు ఒకరు కొనసాగించమని, ఒకరు ఆపమని అంటే ఒక్కరూ చివరిదాకా వెళ్లలేదు. పక్కన కూర్చున్న ఇద్దరు ‘మేం చెయ్యం’ అని లేచిపోతే 40 మందిలో నలుగురే మిగిలారు. మీట నొక్కే పని వేరేవాళ్లది, తాము ప్రశ్నలు మాత్రం చదివితే చాలన్నప్పుడు 40లో 37 మంది చివరిదాకా సాగిపోయారు.

ఈ ప్రయోగాలపై విమర్శలున్నాయి. పాల్గొన్నవారిలో కొందరికి అప్పుడే అనుమానం వచ్చిందని, ఆదేశాలిచ్చిన వ్యక్తి రాసిచ్చిన మాటలు దాటి ఒత్తిడి చేశాడని జీనా పెర్రీ అనే పరిశోధకురాలు రికార్డులు తిరగేసి పుస్తకమే రాశారు. ఆ విమర్శల్లో బలముంది. కాబట్టి 65 అన్న అంకెను శిలాశాసనంలా పట్టుకోనక్కర్లేదు. పరిస్థితి మారితే విధేయత ఎటు వంగుతుందో చెప్పే దిశ మాత్రం ఉద్యోగికి పనికొస్తుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఆ చివరి అంకె, 40లో 37. మన ఆఫీసుల్లో తప్పు దాదాపు ఎప్పుడూ ఈ రూపంలోనే జరుగుతుంది. ఒక్క మనిషి కూర్చుని మొత్తం తప్పు చేయడు. ఒకరు కొలత రాస్తారు, ఒకరు బిల్లు తయారుచేస్తారు, ఒకరు ‘పరిశీలించాను’ అని పొట్టి సంతకం పెడతారు, ఒకరు చెక్కు రాస్తారు. పూర్తికాని రోడ్డుకు ఎం-బుక్‌లో కొలతలు ఎక్కించమంటే సైట్ ఇంజనీరు ‘పైన చెక్ చేస్తారులే’ అనుకుంటాడు. పైన ఉన్నాయన ‘కింద కొలిచారు కదా’ అనుకుంటాడు. ఫార్మా ల్యాబ్‌లో ఫెయిలైన పరీక్షను పక్కనపెట్టి, పాసైన రీడింగ్ మాత్రమే రికార్డులో ఉంచమన్నప్పుడు కెమిస్టుకు రోగి ముఖం కనిపించదు, బ్యాచ్ నంబరు కనిపిస్తుంది. అందుకే మీ చేతికొచ్చిన కాగితం మీద సంతకం పెట్టేముందు, ఈ కాగితం చివరికి ఎవరి ఒంటి మీదకు, ఎవరి డబ్బు మీదకు వెళుతుందో ఒక మనిషి రూపంలో ఊహించుకోండి. ఆ మందు వేసుకునే ముసలావిడ, ఆ రోడ్డు మీద రాత్రి బండి నడిపే కుర్రాడు. దెబ్బ తినే మనిషిని అదే గదిలో కూర్చోబెట్టడం అంటే మన పనిలో ఇదే.

రెండోది, మెట్లు. మిల్‌గ్రామ్ మొదటి మీటే 450 వోల్టులదై ఉంటే ఎంతమంది నొక్కేవారు? మొదటిది 15 వోల్టులు, చురుక్కుమని కూడా అనదు. దాన్ని నొక్కినవాడికి 30 నొక్కనని చెప్పడానికి కారణం దొరకదు, 30 నొక్కినవాడికి 45 నొక్కననడానికీ దొరకదు. ఆగినవారు అన్ని మీటలకంటే ఎక్కువగా ఆగింది 150 దగ్గర, అవతలి మనిషి ‘నన్ను వదిలేయండి’ అని మొదటిసారి గట్టిగా అడిగినప్పుడు. అది దాటినవారిలో అధికులు చివరిదాకా వెళ్లిపోయారు. ఉద్యోగంలో ఆ 15 వోల్టుల మాటలు మనకు బాగా తెలుసు. ‘ఈ ఒక్కసారికి’, ‘తేదీ ఒక్కటే కదా’, ‘వోచర్ తర్వాత చూసుకుందాం’, ‘క్లోజింగ్ అయిపోనీ’. మీ 150 ఎక్కడో ఇప్పుడే, ఎవరూ అడగనప్పుడే తేల్చుకోండి. ‘జరగని పనికి జరిగినట్టు సంతకం పెట్టను.’ ‘వెనక తేదీ వేయను.’ ‘నా లాగిన్, పాస్‌వర్డ్ ఇంకొకరికి ఇవ్వను.’ ‘భద్రతా పరికరం లేకుండా కిందివాళ్లను ట్యాంకులోకి, మ్యాన్‌హోల్‌లోకి దించను.’ ఇలా రెండు మూడు చాలు. ఇంట్లోవాళ్లకు కూడా చెప్పి ఉంచండి. అధికారి గదిలో నిలబడి గీత గీసుకోవడం చాలా కష్టం. ముందే గీసుకున్నదాన్ని గుర్తుచేసుకోవడం దానికంటే తేలిక.

ఇంకొక సంగతి చాలామంది గమనించరు. మిల్‌గ్రామ్ ప్రయోగంలో ఆగిపోబోయేవారికి చెప్పడానికి నాలుగు మాటలు వరసగా సిద్ధం చేసి ఉంచారు. మొదటిది ‘దయచేసి కొనసాగించండి’. రెండోది, ప్రయోగానికి ఇది అవసరం అని. చివరిదే అసలైన ఆజ్ఞ: మీకు వేరే దారి లేదు, చేసి తీరాలి. జెర్రీ బర్గర్ అనే పరిశోధకుడు ఆ ప్రయోగాన్ని 150 వోల్టుల దగ్గర ఆపేసేలా మార్చి మళ్లీ చేసి, 2009లో ఫలితాలు ప్రచురించారు. 70 శాతం ఆ గీత దాటడానికి సిద్ధపడ్డారు. అయితే ఆ నాలుగో మాట దాకా వెళ్లిన సందర్భాల్లో ఒక్కరూ లొంగలేదు. మనిషి హుకుంకు ఎదురు తిరుగుతాడు. ‘మనందరి కోసం’ అన్నదానికి తలవంచుతాడు. సల్లివన్ కూడా హుకుం జారీచేయలేదు, సాయం అడిగాడు. కాబట్టి అరిచే బాస్‌కు భయపడినంతగా, భుజం మీద చేయివేసి ‘నిన్ను నమ్మే కదమ్మా అడుగుతున్నా’, ‘క్లయింట్ కోసం, టీమ్ కోసం’ అనే పెద్దమనిషి దగ్గర కూడా జాగ్రత్తపడండి. ఆ ప్రేమ నిజమే అయినా సంతకం మీదే.

ఇక తోడు సంగతి. ఇద్దరు లేచిపోతే మిగిలినవారికి దారి దొరికిందని మిల్‌గ్రామ్ చూపించాడు. బర్గర్ ప్రయోగంలో ఒక్కరే ఆగితే మాత్రం పెద్ద తేడా రాలేదు, 63 శాతం సాగిపోయారు. నాకిది నిరుత్సాహంగా అనిపించలేదు, ఉపయోగకరంగా అనిపించింది. ఎవరో ఒకరు ఎదురు తిరుగుతారు, వాళ్ల వెనక మనం నడుద్దాం అని కూర్చుంటే పని జరగదు. ముందే మాట్లాడుకున్న ఒకరిద్దరు కావాలి. ఆస్పత్రుల్లో జరిగిన రెండు అధ్యయనాలు దీన్ని ఇంకా స్పష్టం చేస్తాయి. 1966లో చార్లెస్ హాఫ్లింగ్ బృందం అమెరికాలో 22 మంది నర్సులకు, వాళ్లెప్పుడూ చూడని డాక్టరు పేరుతో ఫోన్ చేయించింది. సీసా మీద గరిష్ఠ మోతాదు 10 మిల్లీగ్రాములని ఉన్న, పరిచయం లేని మందును 20 ఇవ్వమని చెప్పించింది. 21 మంది ఇవ్వడానికి బయల్దేరారు. 1977లో రాంక్, జేకబ్సన్ అనే ఇద్దరు, నర్సులకు బాగా తెలిసిన మందుతో, తోటివారిని అడిగి తెలుసుకునే వీలుంచి అలాంటిదే చేస్తే 18 మందిలో 16 మంది కుదరదన్నారు. ఆ నర్సులూ ఈ నర్సులూ ఒకే వృత్తివారు. తేడా రెండింట్లోనే: తమ పని గురించి తమకున్న పక్కా తెలివిడి, అడగడానికి పక్కన ఒక మనిషి. కొత్తగా చేరిన చోట మొదటి నెలలోనే ఈ రెండూ సంపాదించుకోండి. మీ పనికి సంబంధించిన నిబంధనను మూలంలో చదవండి. ‘ఇది సరేనా?’ అని సిగ్గుపడకుండా అడగగల ఒకరిని వెతుక్కోండి. వాళ్లు మీ విభాగంలో ఉండాలని లేదు. వేరే ఊరి ఆఫీసులో అదే పని చేసే అన్నయ్యో, రిటైరైన మేడమో అయినా చాలు.

ఇప్పుడు కాగితం గురించి. కేంద్ర ప్రభుత్వోద్యోగుల 1964 నాటి ప్రవర్తనా నియమాల్లో 3వ నియమం, పైఅధికారి ఆదేశం సాధారణంగా రాతలోనే ఉండాలంటుంది. నోటిమాటగా చెప్పక తప్పకపోతే వెంటనే రాసి ధ్రువీకరించాలి. ఉద్యోగి ఆ ధ్రువీకరణ అడగాలి, అడిగాక ఇవ్వడం అధికారి విధి. 2013 అక్టోబరు 31న సుప్రీంకోర్టు టి.ఎస్.ఆర్. సుబ్రమణియన్ కేసులో, అధికారులు నోటిమాట ఆదేశాల మీద నడవకూడదని చెప్పింది. రాసివ్వమని అడగడం పొగరు అనుకునే పైవాళ్లకు చూపించడానికి ఇంతకంటే గౌరవమైన ఆధారం లేదు.

ప్రైవేటు ఉద్యోగికి అలాంటి నియమం చేతిలో ఉండకపోవచ్చు. మెయిల్ ఉంది. ఎదురు చెబుతున్నట్టు కాకుండా, పని సరిగా చేద్దామనే ఉద్దేశంతో నాలుగు వాక్యాలు చాలు: “సార్, ఈ ఉదయం మీరు ఫోన్‌లో చెప్పినదాన్ని బట్టి ఈ బిల్లును మార్చి 28 తేదీతో ఎక్కించాలని అర్థమైంది. గేట్ రిజిస్టర్‌లో సరుకు ఏప్రిల్ 3న వచ్చినట్టు ఉంది. ఏ తేదీ వేయాలో తెలియజేయగలరు. మీ జవాబు వచ్చాక ఎంట్రీ పూర్తిచేస్తాను.” ఇందులో ఆరోపణ లేదు. కానీ గదిలో ఇద్దరి మధ్య ఉన్న మాట ఇప్పుడు వెలుగులోకి వచ్చింది. చాలాసార్లు జవాబు రాదు, ఆ ఆదేశం కూడా మళ్లీ రాదు. జవాబుగా ఫోన్ వస్తే, ఆ ఫోన్ గురించి కూడా ఒక వాక్యం రాసి పెట్టుకోండి.

రాత మిమ్మల్ని పూర్తిగా కాపాడుతుందని మాత్రం అనుకోవద్దు. భారతీయ న్యాయ సంహిత 14వ సెక్షన్ ఇచ్చే రక్షణ, చట్టం ప్రకారం ఆ పని చేయడానికి బద్ధుడై ఉన్నవాడికి, లేదా వాస్తవం పొరబడి బద్ధుణ్ననుకున్నవాడికి. దొంగ ఎంట్రీ వేయమని మేనేజరు చెప్పడం చట్టం చెప్పడం కాదు. హైదరాబాద్ వాళ్లకు దీనికి దూరపు ఉదాహరణ అక్కర్లేదు. 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ అధినేత రామలింగరాజు లెక్కల మోసాన్ని ఒప్పుకుంటూ లేఖ రాశారు. 2015 ఏప్రిల్‌లో ప్రత్యేక కోర్టు దోషులుగా తేల్చిన 10 మందిలో ఆయన, కుటుంబీకులే కాదు, జీతం మీద పనిచేసిన ఉద్యోగులూ ఉన్నారు. తర్వాత అప్పీలులో ఆ శిక్షల అమలు నిలిచింది. అయినా మధ్యలో గడిచిన ఆ ఏళ్లు వాళ్లకూ వాళ్ల పిల్లలకూ ఎవరు తిరిగిస్తారు? కాబట్టి చేయకూడని పని రాసిచ్చినా చేయకూడదు. రాసివ్వమనడం, అడిగినవాడికి ఇంకోసారి ఆలోచించుకునే అవకాశం ఇవ్వడానికి.

అధికారి గదిలోంచి వెళ్లిపోతే విధేయత మూడో వంతుకు పడిపోయిందని పైన అనుకున్నాం కదా. దానర్థం మీకు అర్థమయ్యే ఉంటుంది. గదిలోంచి మీరే బయటకు రండి. ‘ఫైల్ ఒకసారి చూసి చెబుతాను సార్’, ‘మధ్యాహ్నం లోపు చెబుతాను’ అనే మాటలు అలవాటు చేసుకోండి. అక్కడికక్కడే ‘కుదరదు’ అనడానికి కావలసిన ధైర్యంలో పావు వంతు చాలు దీనికి. బయటికొచ్చాక చేసే పని మాత్రం నిజాయితీగా ఉండాలి. ఫోన్‌లో ఆదేశాలందుకున్న మిల్‌గ్రామ్ మనుషుల్లో కొందరు తక్కువ షాక్ ఇస్తూ, పెంచుతున్నామని అబద్ధం చెప్పారు. వాళ్ల దయను నేను గౌరవిస్తాను. కానీ ఆఫీసులో ఈ దారి ఎంచుకుంటే ఆదేశం అలాగే ఉంటుంది, రేపు ఇంకొకరి బల్ల మీదకు చేరుతుంది.

ఈ పరిస్థితుల కిటుకు సైబర్ దొంగలకు క్షుణ్ణంగా తెలుసు. ‘డిజిటల్ అరెస్ట్’ను గమనించండి. వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాం, వెనక ఆఫీసు గోడ, సీబీఐ, ఈడీ పేర్లు. కాల్ కట్ చేయొద్దు, తలుపు వేసుకో, ఇంట్లో ఎవరికీ చెప్పొద్దు. అంటే తోడు లేకుండా, గది వదలకుండా, ఆలోచించే వ్యవధి లేకుండా కట్టేస్తారు. మోసపోయినవారిలో బాగా చదువుకున్నవారు, పెద్ద ఉద్యోగాలు చేసినవారు ఉన్నారంటే ఆశ్చర్యం లేదు, వాళ్లను పట్టుకున్నది తెలివితక్కువతనం కాదు. మన చట్టంలో వీడియో కాల్ అరెస్ట్ అనేదే లేదు. కాల్ కట్ చేసి, పక్కింటివాళ్లతోనైనా మాట్లాడి, సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయాలి. అకౌంట్స్‌లో పనిచేసేవారికి ఇంకో రకం వస్తుంది. ఎండీ ఫొటో ఉన్న వాట్సాప్ నంబరు నుంచి, ‘మీటింగ్‌లో ఉన్నాను, ఫోన్ చేయొద్దు, ఈ ఖాతాకు వెంటనే పంపు’ అని. ఫోన్ చేయొద్దన్నారంటే తప్పకుండా చేయాలి, మీ దగ్గర ఎప్పటినుంచో ఉన్న పాత నంబరుకు. నిజంగా ఎండీనే అయితే ఆయన సంతోషించాలి.

అభ్యంతరం ఎలా చెప్పాలన్నది చిన్న విషయం కాదు. 2010 మే 22న దుబాయ్ నుంచి మంగళూరు వచ్చిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం రన్‌వే దాటి లోయలో పడి 158 మంది చనిపోయారు. దిగడం మానేసి మళ్లీ పైకి లేపమని సహపైలట్ మూడుసార్లు చెప్పినా కెప్టెన్ ఆగలేదని విచారణ తేల్చింది. సహపైలట్ చెప్పాడు, కానీ నియంత్రణ తన చేతిలోకి తీసుకోలేదు. ఆ కాక్‌పిట్‌లో అతని స్థానంలో కూర్చుని అది చేయడం ఎంత కష్టమో తలుచుకుంటే నాకు బాధ కలుగుతుంది. విమానరంగం దశాబ్దాలుగా నేర్పుతున్న పద్ధతి ఒకటుంది. మొదట చూసింది చెప్పు. తర్వాత భయం చెప్పు. ఆ తర్వాత చేయవలసింది చెప్పు. వినకపోతే నేను ఆపుతున్నానని చెప్పి ఆపు. ఫ్యాక్టరీలో, ఆస్పత్రిలో, నిర్మాణ స్థలంలో ప్రాణం మీదికొచ్చే ప్రతి పనికీ ఇదే వరస సరిపోతుంది. “సార్, గ్యాస్ రీడింగ్ ఎక్కువుంది. లోపలికెళితే మనిషి పడిపోతాడేమో. ముందు గాలి పంపిద్దాం. లేదంటే నా మనుషుల్ని నేను దించను.”

మీ కింద నలుగురు పనిచేస్తుంటే ఇదంతా తిరగేసి చదవండి. మీ గదిలో మీ ఎదురుగా వాళ్లు చెప్పిన ‘సరే’కు సగం విలువే ఇవ్వండి. సమావేశంలో మీ అభిప్రాయం ఆఖరున చెప్పండి, అందరికంటే చిన్నవారితో మొదలుపెట్టించండి. నోటితో చెప్పింది సాయంత్రంలోగా మీరే రాసి పంపండి. ఎవరైనా ‘రాసివ్వండి సార్’ అంటే నలుగురిలో మెచ్చుకోండి, ఆ మెప్పు చూసిన ఇంకో ముగ్గురు రేపు మిమ్మల్నే ఒక పెద్ద తప్పు నుంచి తప్పిస్తారు.

చివరిగా డబ్బు. విన్సన్ లేఖను ఆపినవాటిలో ఇంటి ఖర్చు ఒకటి. దాన్ని పక్కనపెట్టి ధైర్యం గురించి ఉపన్యాసమివ్వడం అన్యాయం. జీతంలో సగానికి పైగా ఈఎంఐలకు పోతున్నవారి మీద అధికారికి ఉన్న పట్టు, హోదా ఇచ్చిన పట్టు కంటే ఎక్కువ. కొత్త కారు కొనేముందు, కొంచెం పెద్ద ఫ్లాట్‌కు సంతకం పెట్టేముందు, ఈ అప్పు తీసుకున్నాక నేను ‘కుదరదు సార్’ అనగలనా అని కూడా లెక్కవేయండి. మూడు, వీలైతే ఆరు నెలల ఇంటి ఖర్చు ఎవరూ ముట్టని ఖాతాలో ఉంచండి. పని వెతుక్కోకపోయినా బయోడేటాను ఏడాదికోసారి సరిచేసుకోండి, పాత సహోద్యోగులతో మాటలు తెగనివ్వకండి. ఆరోగ్య బీమా, మీ కంపెనీ ఇచ్చేది ఒక్కటే కాకుండా, సొంతంగా ఒకటి తీసుకోండి. ఇవేవీ ఈ నెలలో పూర్తి కావు. బీమా దరఖాస్తు మాత్రం ఈ వారమే నింపొచ్చు.